జీతగాళ్ళకు పన్ను పాఠాలు – 4: ఐదేళ్ళు నిండకుండా పీఎఫ్ తీస్తే

పోయిన పాఠంలో ఫారం 16 (జీతం, కోసిన పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చేది), 26ఏఎస్ (మన పేరున కోసిన పన్నుల పట్టిక), ఏఐఎస్ (పన్ను శాఖ దగ్గరున్న మన ఆదాయాల వివరాలు) మూడూ పక్కపక్కన పెట్టుకుని చదవడం నేర్చుకున్నాం. ఈసారి పీఎఫ్ పాస్‌బుక్ కూడా దగ్గర పెట్టుకోండి. ఉద్యోగం మారగానే పాత కంపెనీ పీఎఫ్ తీసేసుకోవడం మనవాళ్ళలో బాగా అలవాటు. డబ్బు ఖాతాలో పడేటప్పుడు పది శాతం కోత పడుతుంది కాబట్టి, పన్ను అక్కడితో అయిపోయిందనుకుంటారు. చాలామంది చిక్కుకునేది ఇక్కడే.

మా తమ్ముడి లెక్కనే తీసుకుందాం. హైదరాబాదులో 36 నెలలు పనిచేశాడు. బేసిక్ 20,000. అందులో 12 శాతం, అంటే నెలకు 2,400 తన వాటా. కంపెనీ కూడా 2,400 కట్టింది కానీ, అందులో 1,250 పెన్షన్ పథకానికి పోయి, పీఎఫ్‌లో పడింది 1,150. (పాస్‌బుక్‌లో రెండు వాటాలూ సమానంగా లేవని కంగారుపడేవాళ్ళకు ఇదే జవాబు.) 2023 సెప్టెంబరులో మానేసి, వేరే కంపెనీలో చేరి, 2024 జనవరిలో పాత పీఎఫ్ మొత్తం తీశాడు. ఆ డబ్బు నాలుగు ముక్కలు:

తన వాటా 86,400
దాని మీద వడ్డీ 11,000
కంపెనీ వాటా 41,400
దాని మీద వడ్డీ 5,300

మొత్తం 1,44,100. టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) 14,410 పోగా చేతికి 1,29,690 వచ్చింది.

ఐదేళ్ళ సర్వీసు నిండకపోతే ఈ నాలుగు ముక్కలకూ మూడు రకాల లెక్క. కంపెనీ వాటా, దాని వడ్డీ జీతంగా లెక్కకొస్తాయి. తన వాటా మీద వడ్డీ ‘ఇతర ఆదాయం’ కింద చూపాలి. ఇక తన వాటా: దాని మీద అప్పట్లో 80సీ (పీఎఫ్ లాంటి పొదుపులకు ఇచ్చేది) మినహాయింపు తీసుకుని ఉంటే, ఆ ఏళ్ళలో మిగుల్చుకున్న పన్ను ఇప్పుడు వెనక్కి కట్టాలి. తీసుకోకపోతే దానికి పన్ను లేదు. ఏ ఏడాది లెక్క ఆ ఏడాదికే విడిగా వెయ్యాలి. అందుకే ఐటీఆర్-2 అనే రిటర్న్ ఫారంలో దీనికి సంవత్సరాలవారీ పట్టిక ఉంది.

అన్ని ఏళ్ళూ పాత పద్ధతిలో (80సీ లాంటి మినహాయింపులు ఉండే పన్ను విధానం), 20 శాతం శ్లాబులోనే ఉన్నాడనుకుని లెక్క వేద్దాం. పన్ను పడే సొమ్ము మొత్తం 1,44,100. 20 శాతం అంటే 28,820, దాని మీద సెస్ 4 శాతం కలిపితే 29,973. కోసుకున్నది 14,410 మాత్రమే. ఇంకా 15,563 బాకీ! అదే 80సీ ఎప్పుడూ వాడుకోని మనిషి అయితే? 57,700 మీదే పన్ను పడుతుంది. సెస్‌తో కలిపి 12,002. ఎక్కువ కోసిన 2,408 రీఫండ్ వస్తుంది. ఒకే మొత్తం తీసినా ఒకరు కట్టాలి, ఇంకొకరికి తిరిగి రావాలి. ఈ లెక్క ఒకసారి మీ చేత్తో కాగితం మీద వేసి చూడండి, అప్పుడే బుర్రకెక్కుతుంది.

తమ్ముడు జులైలో ఫారం 16 ఒక్కటే చూసి రిటర్న్ వేసేశాడు. పీఎఫ్ ఊసే లేదు. ఏఐఎస్‌లో మాత్రం అది కనిపిస్తూనే ఉంది. తేడా ఉందని మెసేజ్ వచ్చేసరికి టెన్షన్‌తో నా దగ్గరకొచ్చాడు. నవంబరులో ఇద్దరం కూర్చుని రివైజ్డ్ (సవరించిన) రిటర్న్ వేశాం. బాకీ 10,000 దాటింది కాబట్టి ముందస్తు పన్ను కట్టనందుకు నెలకు 1 శాతం వడ్డీ, ఏప్రిల్ నుంచి ఎనిమిది నెలలకు 1,240. ఆలస్య రుసుము మాత్రం పడలేదు, ఎందుకంటే మొదటి రిటర్న్ గడువులోపే వేశాడు.

ఆ గడువు 2024 జులై 31. అది దాటి వేస్తే 5,000 రుసుము. మొత్తం ఆదాయం 5 లక్షల లోపుంటే 1,000. కట్టాల్సిన పన్ను మీద నెలకు ఇంకో 1 శాతం వడ్డీ విడిగా పడుతుంది, నెలలో ఒక్కరోజు దాటినా నెలంతా లెక్కే. వీటన్నిటికంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది: గడువు దాటితే జీతగాళ్ళకు పాత పద్ధతి ఎంచుకునే వీలే ఉండదు. ఇంటి అద్దె, 80సీ చూపించుకోవాలనుకునేవాళ్ళకు ఆ 5,000 కంటే ఇదే ఎక్కువ నష్టం. ఆలస్యంగా వేసే గడువు కూడా దాటిపోతే మిగిలేది ఐటీఆర్-యూ (అప్‌డేటెడ్ రిటర్న్). అందులో అదనపు పన్ను కట్టాలి, రీఫండ్ అడగడం కుదరదు. పైన చెప్పిన 2,408 లాంటివి అలాగే పోతాయి.

50,000 లోపు తీస్తే టీడీఎస్ ఉండదు. కానీ కోత లేదంటే పన్ను లేదని కాదు, రిటర్న్‌లో చూపాల్సిందే. పీఎఫ్ ఖాతాకు పాన్ అనుసంధానం కాకపోతే కోత 20 శాతం. నెట్ సెంటర్లలో ‘15జీ పెట్టేద్దాం, కోత ఉండదు’ అంటారు. ఆ ఏడాది మొత్తం ఆదాయం మీద పన్ను సున్నా అయ్యేవాళ్ళే ఆ ఫారం ఇవ్వాలి. జీతం మీద పన్ను కట్టే మనిషి అది ఇస్తే అబద్ధపు డిక్లరేషన్ ఇచ్చినట్టు, అది శిక్షార్హం. దయచేసి ఆ పని చెయ్యకండి.

అసలు తమ్ముడు చెయ్యాల్సింది ఫారం 13తో పాత పీఎఫ్‌ను కొత్త ఖాతాకు బదిలీ చేసుకోవడం. బదిలీ చేస్తే పాత సర్వీసు కూడా కలుస్తుంది. 36 నెలలకు ఇంకో 24 కలిస్తే ఐదేళ్ళు నిండి, ఈ పన్ను ఏదీ ఉండేది కాదు. జబ్బు చేసి ఉద్యోగం పోయినా, కంపెనీ మూతపడినా ఐదేళ్ళు నిండకపోయినా మినహాయింపు ఉంటుంది.

అభ్యాసం: ఒకామె మొదటి కంపెనీలో 2 ఏళ్ళ 4 నెలలు చేసి, పీఎఫ్ బదిలీ చేసుకుంది. రెండో కంపెనీలో 2 ఏళ్ళ 9 నెలలు చేసి మొత్తం తీసింది. పన్ను పడుతుందా? ఆమె తమ్ముడు రెండేళ్ళకే 46,000 తీశాడు, కోత పడలేదు. అతను రిటర్న్‌లో ఏం చూపాలి? జవాబులు వచ్చే పాఠంలో చూద్దాం. అమెరికాలో 401(కె) (అక్కడి రిటైర్మెంట్ పొదుపు ఖాతా) ఉండి 59½ ఏళ్ళ లోపు తీస్తే పడే 10 శాతం అదనపు పన్ను సంగతి కూడా అందులోనే. అక్కడున్నవాళ్ళు తీసిన డబ్బు లెక్క చూపే మీ 1099-ఆర్ ఫారం దగ్గర పెట్టుకోండి.