నాణెం ఎత్తు నుంచి మేలిమి లెక్క దాకా – 3వ పాఠం: గురిగింజలు, వన్నెలు, ఎస్సే పౌండు

పోయిన పాఠంలో నాణేన్ని గ్రాముల్లో తూచి, రెండు దశాంశాల దాకా రాసుకోవడం చూశాం. ఈసారి ఆ గ్రాములను పాత ఎత్తుల్లోకి, అక్కణ్ణుంచి లోహ పరీక్షకుల కొలతల్లోకి మారుద్దాం. కాగితం, కాలిక్యులేటరు దగ్గర పెట్టుకుని చదవండి. ప్రతి లెక్కా మీ చేత్తో ఒకసారి వేస్తేనే పట్టుబడుతుంది.

ఎత్తు వేరు, మేలిమి వేరు. నాణెం మొత్తం ఎంత తూగిందో ఎత్తు చెబుతుంది. అందులో అసలు వెండి, బంగారం ఎంత పాలో మేలిమి చెబుతుంది. గురిగింజ, మాషం, తులం, గ్రెయిను, గ్రాము – ఇవి ఎత్తులు. వన్నె, క్యారెట్, వెయ్యికి ఇన్ని పాళ్లు – ఇవి మేలిమి కొలతలు. విశాఖ కురుపాం మార్కెట్లో నగ కొనేటప్పుడు భూతద్దంలో చూసుకునే 916 ముద్ర రెండో జాతిది. 24 పాళ్లలో 22 బంగారం, అంటే వెయ్యికి 916.67.

ఇక గురిగింజ. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే, కాబట్టి నిదానంగా వెళ్దాం. 1833లో ఈస్టిండియా కంపెనీ స్థిరపరచిన తులం 180 గ్రెయిన్లు, అంటే 11.6638 గ్రాములు. దాన్ని 96 రత్తులుగా పంచితే రత్తి ఎత్తు 0.1215 గ్రాము వస్తుంది. రత్తి అంటే గురిగింజెత్తే. ఇప్పుడు ముద్రలు కొట్టిన పాత వెండి కార్షాపణం ఒకటి 3.40 గ్రాములు తూగిందనుకోండి. 0.1215తో భాగిస్తే 28 రత్తులు. మనుస్మృతి లెక్కలో వెండి ధరణం 32 కృష్ణలాలు, అంటే 32 గురిగింజలు. నాలుగు గింజలు తగ్గాయి, నాణెం అరిగిపోయిందనో, టంకశాల మోసం చేసిందనో రాసేయాలనిపిస్తుంది. అలా రాయకండి. రెండు వేల ఏళ్ల నాటి నాణేన్ని 1833 నాటి తులంతో కొలిచాం, తేడా అక్కడిది.

సరైన దారి తిరగేసి వెళ్లడం. బాగా అరగని కార్షాపణాలు సుమారు 3.3 నుంచి 3.5 గ్రాములు తూగుతాయి. మన 3.40ని 32తో భాగిస్తే గింజ 0.106 గ్రాము. ఆ కాలపు నాణేలకు ఈ గింజే వాడాలి. మీ పుస్తకంలో ప్రతి గురిగింజ అంకె పక్కనా ఏ గింజతో లెక్కించారో రాసి తీరాలి. అది లేని పట్టికను నేను నమ్మను.

ఇప్పుడు మేలిమి. మన పెద్దల కొలమానంలో పూర్తి మేలిమికి 16 వన్నెలు. పదారువన్నె బంగారం అంటే 24 క్యారెట్లదే. కౌటిల్యుని అర్థశాస్త్రంలో కూడా ఒరగల్లు మీద చూసే బంగారానికి పదహారు వన్నెల లెక్కే ఉంది. కాబట్టి ఒక వన్నె ఒకటిన్నర క్యారెట్, వెయ్యికి 62.5 పాళ్లు.

అదే అర్థశాస్త్రం వెండి పణానికి, అంటే మన కార్షాపణం లాంటి నాణేనికి, పాళ్లు కూడా చెప్పింది: నాలుగోవంతు రాగి, ఒక మాషం ఇనుము, తగరం, సీసం వంటివాటిలో ఏదో ఒకటి. పణం 16 మాషాలు కనుక 4 రాగి, 1 ఇతర లోహం పోగా 11 వెండి. 11ను 16తో భాగిస్తే వెయ్యికి 687.5. మన 3.40 గ్రాముల నాణెం ఆ పాళ్లలోనే ఉంటే అందులో మేలిమి వెండి 2.34 గ్రాములు. గ్రంథంలో ఉన్నది టంకశాలకు చెప్పిన విధి మాత్రమే. మీ చేతిలోని నాణెం అలాగే ఉందని పరీక్ష చేయకుండా రాయకూడదు.

పంతొమ్మిదో శతాబ్దపు పట్టికలు చదవాలంటే ఇంగ్లీషు ఎస్సే పౌండు తెలియాలి. ఎస్సే అంటే లోహ పరీక్ష; పరీక్షించే లోహాన్ని ఒక పౌండుగా అనుకుని అందులో మేలిమి ఎన్ని పాళ్లో చెప్పే కొలత ఇది. కలకత్తా టంకశాలలో ఎస్సే మాస్టరుగా ఉంటూ 1837లో బ్రాహ్మీ లిపి గుట్టు విప్పిన జేమ్స్ ప్రిన్సెప్ మన దేశపు నాణేలకు పట్టికలు కట్టాడు. ఆ తరం వాళ్లు వెండికి పౌండును 12 ఔన్సులు, ఔన్సుకు 20 పెన్నీవెయిట్లు, మొత్తం 240 పాళ్లుగా తీసుకునేవారు. ఇంగ్లీషువాళ్ల ప్రామాణిక వెండి అయిన స్టెర్లింగ్ 222 పాళ్లు. పై పణం 11/16 చొప్పున 165 పాళ్లు, అంటే 8 ఔన్సుల 5 పెన్నీవెయిట్లు. స్టెర్లింగ్ కన్నా 57 తక్కువ.

బంగారానికి 24 క్యారెట్లు, క్యారెట్‌కు 4 గ్రెయిన్లు, మొత్తం 96. ఈ గ్రెయిను ఎత్తు కాదు, పాలు. ఒక్కోటి వెయ్యికి 10.42. తక్కెడలో తూచే గ్రెయిను 0.0648 గ్రాము, దాని దారి వేరు. ఒక వరహా 3.40 గ్రాములు తూగి, పట్టికలో 19 క్యారెట్ల 2 గ్రెయిన్లు అని ఉందనుకోండి. 19ని 4తో గుణించి 2 కలిపితే 78. దాన్ని 96తో భాగిస్తే వెయ్యికి 812.5, మన లెక్కలో సరిగ్గా 13 వన్నెలు. మేలిమి బంగారం 2.76 గ్రాములు. ఆ 2 గ్రెయిన్లను ఎత్తుగా తీసుకుని గ్రాముల్లో కలిపితే జవాబు ఎక్కడికో పోతుంది. మధ్యలో అంకెలు కుదించకండి, చివర్లోనే సవరించండి.

అభ్యాసం: విశాఖ దగ్గరి మన తొట్లకొండ బౌద్ధ క్షేత్రం తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. అగస్టస్ కాలంలో రోమన్ పౌండు వెండికి 84 దినారియస్‌లు (రోమన్ వెండి నాణేలు) కొట్టేవారు, క్రీ.శ. 64లో నీరో దాన్ని 96కి మార్చాడు. పౌండు సుమారు 327 గ్రాములని తీసుకుని, రెండు నాణేల ఎత్తూ 0.106 గ్రాము గింజల్లో కట్టండి. మొదటిదాని మేలిమి వెయ్యికి 980 అనుకుని పెన్నీవెయిట్లు, మేలిమి వెండి గ్రాములు రాబట్టండి. అది స్టెర్లింగ్ కన్నా ఎంత మేలో కూడా రాయండి. జవాబులు నాలుగో పాఠం మొదట్లో ఉంటాయి.