పెండ్లి వీడియో ఎడిటింగ్, 4వ పాఠం: తెర చూపించని రంగులు

పోయిన పాఠం చదివి రంగులు దిద్దినోళ్లు చానామంది ఒకటే మాట రాసిన్రు: "అన్నా, ల్యాప్‌టాప్‌ల మంచిగుంది, పెండ్లోళ్లు ఫోన్‌ల చూసి పిల్ల మొహం ఎర్రగ కాలినట్టుందంటున్నరు." మిర్యాలగూడ తమ్ముడు పంపిన క్లిప్‌ల హల్దీ పసుపు నారింజకు తిరిగింది. దేవరకొండ నుంచి వచ్చిన దాంట్ల గద్వాల చీర జరీ అంచు ఒట్టి పసుపు పట్టీ లెక్కనే ఉంది. అందుకే ట్రాన్సిషన్లు (ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కు మారేటివి) ఈసారి పక్కనపెట్టి, ల్యాప్‌టాప్ తెర సంగతి చెప్తున్న.

తెర రంగును తక్కువ చూపిస్తే, చాలలేదని మీరు సాచురేషన్ (రంగు చిక్కదనం) పెంచుతరు. ఫోన్‌ల, అందునా రంగులు ఎక్కువ చేసి చూపించే వివిడ్ మోడ్ ఉంటే, పెంచిందంతా బయటపడ్తది.

ఎడిటింగ్‌కు ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ప్రాసెసర్, ర్యామ్ సంగతి మీకు చెప్పేదేముంది. తెర ఐపీఎస్ (పక్కకెల్లి చూసినా రంగు మారని రకం) ఉండాలన్నదీ తెలిసిందే. నాకు చిర్రెత్తేది తెర ఎన్ని రంగులు చూపిస్తదో చెప్పే కాడ రాసే "45% ఎన్‌టీఎస్‌సీ" దగ్గర. ఎన్‌టీఎస్‌సీ అంటే 1953ల అమెరికా కలర్ టీవీకి పెట్టిన కొలత. మన వీడియోకు కావాల్సింది ఎస్ఆర్‌జీబీ, అంటే కంప్యూటర్ తెరలకు పెట్టిన రంగుల పరిధి. హెచ్‌డీ వీడియో కొలత రెక్ 709 అన్నా రంగుల పరిధి అదే. ఆ పరిధి మొత్తం ఎన్‌టీఎస్‌సీ లెక్కల 72 శాతమే అయితది. అందుకని 72 అని కనబడితే తక్కువనుకొని వదిలిపెట్టకుండ్రి, మనకు అదే దాదాపు నూరు. 45ను 72తోని భాగించుండ్రి, 62 చిల్లర వస్తది. అంటే మూడో వంతుకు పైన రంగులు ఆ తెరకు చేతనే కాదు. పోయేవి కూడ ముదురు ఎరుపు, చిక్కటి ఆకుపచ్చ అసొంటివి, పెండ్లిల నిండా ఉండేవే. కాలిబ్రేషన్ (పరికరం పెట్టి తెర రంగులు సరిచేసుడు) చేపిస్తే సరిపోదా అంటరు. కాలిబ్రేటర్ ఉన్న రంగును దిద్దుతది, లేనిదాన్ని యాడికెల్లి తెస్తది?

ఒకే పేరున్న ల్యాప్‌టాప్ రెండు రకాల తెరలతోని కూడ వస్తది. దుకాణంల "కలర్ సూపర్" అంటే తలూపకుండ్రి. అడుగున స్టిక్కర్ మీది పూర్తి మోడల్ నంబరు కంపెనీ సైట్‌ల కొట్టి చూడుండ్రి.

నేనైతే 100 శాతం ఎస్ఆర్‌జీబీ, వెలుతురు 300 నిట్స్‌కు తగ్గకుండ, అద్దంలా మెరవని తెర తీసుకుంట. ఓఎల్ఈడీ రకం తెరల నలుపు బాగుంటది గని, టైమ్‌లైన్ పొద్దంతా ఒకే జాగల నిలబడ్తది, మచ్చ పడ్తదని నా భయం. ఎస్ఆర్‌జీబీ కంటే పెద్ద రంగుల పరిధి డీసీఐ-పీ3కి అదనంగ పైసలు పెట్టుడు సినిమావాళ్లకు అవసరం. మన గిరాకీ చూసేది వాట్సాప్‌ల.

ఇప్పుడే కొనలేనోళ్లు తెరను పచ్చగ చేసే నైట్ లైట్, ఆటో బ్రైట్‌నెస్ బంద్ చేయుండ్రి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్సీ రిజాల్వ్‌ల వెక్టర్‌స్కోప్ (వీడియోల రంగు ఏది, ఎంత ఉందో గీసి చూపించే కొలత) పెట్టి మొహం రంగు స్కిన్ టోన్ గీత మీదికి తెచ్చుకోండ్రి. స్కోప్‌కు మీ తెరతోని పనిలేదు.

సాధన: ఎర్ర చీర, గిన్నెల పసుపు, ఒక మనిషి మొహం, మూడూ ఒకే ఫ్రేమ్‌ల నీడపట్టున తీయుండ్రి. ఒకసారి కళ్లతోని దిద్దుండ్రి. రెండోసారి బొమ్మ మీద కాగితం అడ్డంపెట్టి ఒట్టి స్కోప్‌లు చూసి దిద్దుండ్రి. రెండిటినీ మూడు వేర్వేరు ఫోన్లల్ల చూసి, సాచురేషన్ అంకెల తేడా ఎంతొచ్చిందో రాసి పంపుండ్రి. అవి రానిది 5వ పాఠం మొదలువెట్ట.