ఉద్యోగం వదిలి ఫ్రీలాన్స్‌కు వెళ్లే ముందు వేసుకోవలసిన లెక్క

సాఫ్ట్‌వేర్ రంగంలో స్థిరమైన ఉద్యోగాన్ని వదిలి ఫ్రీలాన్స్ పనిలోకి వెళ్లాలని ఆలోచిస్తున్నవారు, క్లయింటు ఇస్తానన్న మొత్తాన్ని చేతికొచ్చే జీతంతో కాక, యజమాని కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ కూడా కలిసిన సీటీసీతో, అంటే కంపెనీ తమపై ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చుతో పోల్చుకోవాలి. ఉదాహరణకు సీటీసీ 18 లక్షలైతే, ఏడాదిలోని 260 పనిదినాలకు రోజుకు సుమారు 6,900 రూపాయలు పడుతుంది. అయితే సెలవులు, కొత్త పని వెతుక్కునే రోజులు, బిల్లుల పని పోగా డబ్బు వచ్చే రోజులు 160 మాత్రమే మిగిలితే, అదే ఆదాయానికి రోజుకు 11,250 రూపాయలు అడగాలి. అంతకు తగ్గితే, పైకి పెద్దగా కనిపించినా అది నిజానికి జీతం కోతే.

అన్నిటికన్నా నాకు ఆందోళన కలిగించేది ఆరోగ్య బీమా. కంపెనీ గ్రూపు పాలసీలో తల్లిదండ్రుల పాత జబ్బులకు చాలాచోట్ల మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది, కానీ సొంతంగా తీసుకునే పాలసీలో వాటికి మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం ఉండవచ్చు. కాబట్టి రాజీనామాకు చాలా ముందే, వీలైతే ఉద్యోగంలో ఉండగానే, కుటుంబానికి విడిగా పాలసీ తీసుకోవడం మంచిది. ఇంటి రుణం అవసరమైతే దాన్నీ ముందే తీసుకోవాలి, ఎందుకంటే స్వయం ఉపాధిలో ఉన్నవారిని బ్యాంకులు సాధారణంగా రెండు మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు అడుగుతాయి.

ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్‌టీ నమోదు తప్పనిసరి. చిన్న వ్యాపారాల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో కూడా నమోదు చేసుకుంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం మన దేశంలోని క్లయింటు గరిష్ఠంగా 45 రోజుల్లో బిల్లు చెల్లించవలసి ఉంటుంది.