పోరు ముగిశాక మిగిలే కథ: స్టార్ ట్రెక్ ‘ఫ్యామిలీ’ ఎపిసోడ్‌ని మళ్లీ ఎలా చూడాలి

అంతరిక్ష నౌక ఎంటర్‌ప్రైజ్ ప్రయాణాల మీద నడిచే టీవీ సిరీస్ ‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జెనరేషన్’లో ఏది బాగుంటుందని ఎవరిని అడిగినా ముందు ‘ద బెస్ట్ ఆఫ్ బోత్ వరల్డ్స్’ పేరే వస్తుంది. రెండు భాగాల కథ అది. సగం మనిషి, సగం యంత్రంలా ఉండే శత్రుజాతి బోర్గ్‌లు ఆ నౌక కెప్టెన్ పికార్డ్‌ని ఎత్తుకెళ్లి, ఒంటికి యంత్రాలు తొడిగి, లొక్యూటస్ అని పేరు పెడతారు. అతనికి తెలిసిన విద్యతోనే అతని సొంత నౌకాదళాన్ని తుడిచిపెడతారు. మొదటి భాగం 1990 జూన్ 18న, రెండోది సెప్టెంబర్ 24న ప్రసారమయ్యాయి. సరిగ్గా వారం తిరిగేసరికి, అక్టోబర్ 1న, నాలుగో సీజన్ రెండో ఎపిసోడ్‌గా ‘ఫ్యామిలీ’ వచ్చింది. అందులో యుద్ధం లేదు, శత్రువు లేడు, గడువు ముంచుకొచ్చే ప్రమాదమూ లేదు. నౌకని నడిపే గది, అంటే ఎంటర్‌ప్రైజ్ బ్రిడ్జి మీద ఒక్క సీను కూడా జరగదు. ఏడు సీజన్లలో యంత్రమానవుడు డేటా కనిపించని ఎపిసోడ్ ఇదొక్కటే. రోనాల్డ్ డి. మూర్ రాశారు, లెస్ లాండావ్ తీశారు.

కొత్తగా సిరీస్ మొదలుపెట్టినవాళ్లు చాలామంది దీన్ని దాటేస్తారు. పాత అభిమానులకి కూడా బురదలో అన్నదమ్ములు కొట్టుకునే సీను తప్ప మిగతాది గుర్తుండదు. దీన్ని విడి ఎపిసోడ్‌గా చూడటంవల్లే ఈ నష్టం. ఇది ఆ కథకి మూడో భాగం. బోర్గ్ ఓడిపోయింది కానీ పికార్డ్ ఇంకా తేరుకోలేదు. ఆ తేరుకోవడం ఎలా మొదలైందో చెప్పేది ఇదే.

ముందు ఏం చూడాలి

తప్పనిసరిగా చూడాల్సినవి ఆ రెండు భాగాలే. ఒక్కోటి సుమారు 45 నిమిషాలు. ఆ రెండూ ఒకరోజు చూసి, ‘ఫ్యామిలీ’ని మర్నాటికి ఉంచండి. మూడూ ఒకే బిగిన చూస్తే పోరాటం వేడి తగ్గకముందే పికార్డ్ సొంతూరి ద్రాక్షతోటలోకి వెళ్లిపడతారు, నెమ్మదితనం విసుగ్గా అనిపిస్తుంది. మొదట ప్రసారమైనప్పటి ప్రేక్షకులకి వారం వ్యవధి దొరికింది. మీకు ఒక్క రాత్రి చాలు. రెండో భాగం చివర్లో పికార్డ్ తన గదిలో ఒంటరిగా కిటికీవైపు తిరిగే షాట్ దగ్గర ఆపి, మాట్లాడుకోకుండా పడుకోండి. ‘ఫ్యామిలీ’ అక్కణ్నుంచే అందుకుంటుంది.

డిస్కు కొనేవాళ్లకి ఒక జాగ్రత్త. 2013లో ఆ రెండు భాగాల్నీ కలిపి ఒకే సినిమాలా బ్లూ-రే విడుదల చేశారు. అందులో ‘ఫ్యామిలీ’ లేదు. మీకు కావాల్సింది నాలుగో సీజన్ సెట్. ఇంకో చిక్కు వరుసక్రమంతో వస్తుంది. చిత్రీకరణ వరుస ప్రకారం పేర్చిన జాబితాల్లో ‘ఫ్యామిలీ’ కన్నా ముందు ‘సడన్లీ హ్యూమన్’, ‘బ్రదర్స్’ ఉంటాయి. వాటిని పట్టుకుంటే పికార్డ్ గాయం మానకముందే మామూలుగా డ్యూటీ చేస్తున్నట్టు కనిపించి కథ తెగిపోతుంది. ప్రసారమైన వరుసే నమ్మండి.

‘ఫ్యామిలీ’లో పికార్డ్‌తో పాటు మరో ఇద్దరి కథలు కూడా ఉన్నాయి. మనుషులు పెంచిన క్లింగాన్ జాతివాడు, ఎంటర్‌ప్రైజ్ అధికారి వర్ఫ్ కథ అర్థం కావాలంటే మూడో సీజన్ 17వ ఎపిసోడ్ ‘సిన్స్ ఆఫ్ ద ఫాదర్’ చూడాలి. తీరిక లేకపోతే ఈ మాత్రం తెలిస్తే చాలు: కిటోమర్ అనే చోట క్లింగాన్‌లను శత్రువుకి పట్టించింది, క్లింగాన్‌లలో పలుకుబడి ఉన్న డురాస్ తండ్రి. నింద మాత్రం చనిపోయిన వర్ఫ్ తండ్రి మీద వేశారు. నిజం బయటపడితే సామ్రాజ్యంలో అంతర్యుద్ధం వస్తుందని వర్ఫ్ నోరు మెదపకుండా ఆ అవమానాన్ని నెత్తినేసుకున్నాడు, తన జాతి చేత వెలివేయించుకున్నాడు. ఓడ డాక్టర్ బెవర్లీ కొడుకు వెస్లీ సంగతి ఇంకా క్లుప్తం. తండ్రి జాక్ క్రషర్, వెస్లీ చిన్నతనంలోనే, పికార్డ్ కింద పనిచేస్తూ పోయాడు.

తెర, చప్పుడు

ఈ సిరీస్ 4:3 కొలతలో తీసింది. బ్లూ-రేలో కూడా అదే కొలత ఉంచారు. టీవీలో పిక్చర్ సైజు ‘స్ట్రెచ్’లోనో ‘జూమ్’లోనో ఉంటే మార్చండి, రెండు పక్కలా నల్ల పట్టీలు కనిపిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టు. జూమ్‌లో పైనా కిందా తెగిపోతుంది. ముఖాలమీదే నడిచే ఎపిసోడ్‌లో నుదురూ గడ్డమూ పోతే ఇక చూడటానికేముంది? స్ట్రీమింగ్‌లో అయితే తర్వాతి ఎపిసోడ్ తనంతట తాను మొదలయ్యే ఆటోప్లే ఆపేయండి, లేకపోతే ఆఖరి షాట్ మీద చిన్న పెట్టె వచ్చి కూర్చుంటుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ఏడుపులో పాట్రిక్ స్టూవర్ట్ మాటలు కొన్ని మింగేస్తాడు, అవే ముఖ్యమైనవి. ఫోన్లో చూడటానికి పనికొచ్చే ఎపిసోడ్ కాదిది.

మొదటిసారి: ఆపకుండా

మొదటి విడత ఎక్కడా ఆపకండి, వెనక్కి తిప్పకండి, పక్కవాళ్లకి వివరించకండి. పదిమంది కలిసి చూస్తుంటే, బోర్గ్ కథ తెలియనివాళ్లకి ముందే మూడు ముక్కల్లో చెప్పేయండి: కెప్టెన్‌ని బలవంతంగా శత్రువుగా మార్చారు, అతని చేత వేలమందిని చంపించారు, అతనికి అదంతా గుర్తుంది. మూడోది చెప్పడం మరిచిపోతే ఎపిసోడ్ మొత్తం తేలిపోతుంది.

రెండోసారి: మూడు పాయలు విడదీసి

ఎపిసోడ్‌లో మూడు కథలు జడలా అల్లుకుని ఉంటాయి. రెండో విడతలో రిమోట్ చేతిలో పెట్టుకుని ఒక్కో కథని విడిగా చూడండి. ఒక కాగితం మీద నాలుగు గడులు గీసుకోండి: ఓదార్చడానికి ఎవరు వచ్చారు, ఏం పట్టుకొచ్చారు, గాయపడ్డవాడు ఎలా తప్పించుకున్నాడు, ఎక్కడ లొంగాడు. ఈ నాలుగూ నిండితే ఎపిసోడ్ చేతికి చిక్కినట్టే.

వర్ఫ్‌తో మొదలుపెట్టండి, అది తేలిక. పెంచిన తల్లిదండ్రులు సెర్గే, హెలెనా రొజెంకోలు ఓడ చూడటానికి వస్తారు. థియోడోర్ బికెల్, జార్జియా బ్రౌన్ ఆ పాత్రలు వేశారు. సెర్గే రిటైరైన చీఫ్ పెట్టీ ఆఫీసర్. ఓడలో ప్రతి యంత్రం గురించీ అడుగుతాడు, కౌగలించుకుంటాడు, గట్టిగా మాట్లాడతాడు. వర్ఫ్ సిగ్గుతో బిగుసుకుపోతాడు. ఇక్కడ నవ్వొస్తుంది, నవ్వండి. కానీ ఓడలోని బార్ టెన్ ఫార్వర్డ్‌లో, దాన్ని నడిపే గైనన్ ఆ దంపతులతో మాట్లాడే సీను వచ్చినప్పుడు వేగం తగ్గించండి. మనుషుల తిండి ముట్టని పిల్లాడి కోసం హెలెనా క్లింగాన్ వంట నేర్చుకుందని అక్కడే తెలుస్తుంది. వర్ఫ్ గదిలో ఆఖరి సీనులో అతను ఈ అవమానం తాను ఒక్కడే మోయాలంటాడు. అలా కాదని తండ్రి అంటాడు. లోకం ఏమన్నా నువ్వు మాకు గర్వకారణమేనని తల్లి అంటుంది. నువ్వు నిర్దోషివేనా అని వాళ్లు అడగరు. గడిలో రాసుకోవాల్సింది ఆ అడగకపోవడాన్నే.

వెస్లీ కథలో సీన్లు తక్కువ. భూమ్మీద భద్రపరిచిన పెట్టెలో బెవర్లీకి భర్త రికార్డు చేసిన హోలోగ్రాం దొరుకుతుంది. కొడుక్కి పది వారాల వయసప్పుడు చేశాడు, ఇలాంటివి ఇంకా చాలా చేస్తానంటాడు. చేసింది అదొక్కటే. మూడింటిలో బలహీనమైన పాయ ఇదేనన్న మాట వాస్తవమే. రెండు పెద్ద కథల మధ్య దీనికి ఊపిరాడదు. అయినా తీసేస్తే లెక్క తప్పుతుంది. మిగతా ఇద్దరికీ బదులు చెప్పే అవకాశం ఉంది, వెస్లీకి లేదు. తండ్రి మాట్లాడతాడు, కొడుకు వింటాడు, బొమ్మ మాయమవుతుంది.

ఇక పికార్డ్. దీనికి ఎక్కువ సమయం పెట్టుకోండి. మొదట్లో కౌన్సెలర్ ట్రాయ్‌తో మాట్లాడేటప్పుడు అంతా సర్దుకుందన్నట్టు మాట్లాడతాడు. నాలుగు గడుల్లో మూడోది ఇక్కడే నిండటం మొదలవుతుంది. ఫ్రాన్స్‌లోని సొంతూరు లా బార్ చేరతాడు. దారిలో అన్న కొడుకు రెనే ఎదురై, ఇంట్లో తండ్రి ఈ బాబాయి గురించి ఏమంటుంటాడో అమాయకంగా బయటపెట్టేస్తాడు. అన్న రొబేర్‌గా జెరెమీ కెంప్, వదిన మరీగా సమాంతా ఎగర్ నటించారు. తోటలో రొబేర్ తమ్ముణ్ని పలకరించే తీరు చూడండి. ఎన్నో ఏళ్లకి వచ్చిన తమ్ముడికన్నా ద్రాక్ష తీగల మీదే అతని ధ్యాస.

భోజనాల బల్ల సీనుని ఒకసారి శబ్దం తీసేసి చూడండి. మాటల్లో గొడవ తిండి తయారుచేసే యంత్రం రెప్లికేటర్ గురించి: యంత్రంతో వంట చేయించుకోవడం రొబేర్‌కి గిట్టదు, మరీకి ఒకటి ఉంటే బాగుండునని ఉంటుంది. శబ్దం లేకపోతే ఆ గొడవ పోయి అన్నదమ్ముల మధ్య ఉన్న అసలు దూరం బయటపడుతుంది. ఒకరు చూస్తే మరొకరు కళ్లు తిప్పేసుకుంటారు, మధ్యలో మరీ సర్దిచెబుతుంటుంది. ఆ తర్వాత శబ్దం పెట్టి మళ్లీ చూస్తే ప్రతి మాటా వేరేగా వినిపిస్తుంది.

పాత స్నేహితుడు లూయీ వచ్చి, సముద్రం అడుగుని పైకి లేపి కొత్త భూభాగం సృష్టించే అట్లాంటిస్ ప్రాజెక్టుకి పికార్డ్‌ని నాయకుడిగా రమ్మంటాడు. చాలామంది దీన్ని పక్కదారి కథ అనుకుంటారు. కాదు. పికార్డ్ ఎంత భయపడ్డాడో కొలిచే గజంబద్ద అది. నక్షత్రాలు తప్ప ఏమీ వద్దన్న మనిషి, సముద్రం అడుగుకి వెళ్లిపోదామా అని ఆలోచిస్తున్నాడు.

బురద సీను దగ్గర

దీన్ని కనీసం మూడుసార్లు చూడాలి, మూడుసార్లూ వేర్వేరుగా. ఒకసారి రొబేర్‌ని మాత్రమే చూడండి. అతను కావాలనే గిల్లుతాడు. నాన్న పెట్టిన ప్రతి నియమాన్నీ తమ్ముడు మీరి తప్పించుకున్నాడు, తాను కట్టుబడి ఉండిపోయాడు. ఆ కడుపుమంట నిజమే. కానీ దెబ్బ తిన్నాక, నీకిది అవసరమైంది అంటాడు. ఆ మాట విన్నాక వెనక్కి వెళ్లి గిల్లిన మాటల్ని మళ్లీ వినండి.

రెండోసారి వరుసని గమనించండి: కోపం, తన్నులాట, బురదలో పొర్లడం, నవ్వు, ఆ తర్వాతే ఏడుపు. నవ్వు లేకుండా నేరుగా ఏడుపొస్తే అది నాటకమయ్యేది. నవ్వుతో ఒళ్లు వదులైంది కాబట్టే లోపల బిగబట్టింది జారిపోయింది. ఆపడానికి ఎంతో ప్రయత్నించాను, నాకంత బలం లేకపోయింది అంటాడు పికార్డ్. మూడోసారి ఆ ఏడుపు సమయంలో రొబేర్ ఏం చేయడో చూడండి. నీ తప్పేం లేదని అనడు. ఇది చాలాకాలం నీతో ఉంటుంది, దానితో బతకడం నేర్చుకోవాలి అంటాడు.

కలిసి మాట్లాడుకునేటప్పుడు

గుంపుగా చూస్తే చర్చ ఎక్కడ దారి తప్పుతుందో ముందే తెలుసు: ఎంటర్‌ప్రైజ్ సిబ్బందిలో ఒకడైన ఓబ్రయన్ హోదా. సెర్గే పుణ్యమా అని అతనూ చీఫ్ పెట్టీ ఆఫీసరేనని ఇక్కడ తేలుతుంది, అంతకుముందు ఎపిసోడ్లలో అతని హోదా గుర్తులు దానికి పొసగవు. ఆ తగవు సరదాగా ఉంటుంది కానీ అర్ధగంట మింగేస్తుంది. చివరికి వాయిదా వేయండి. మొదటి ప్రశ్నగా ‘బాగుందా?’ అని అడగొద్దు, దానికి ఒక్క ముక్కలో జవాబు వచ్చేస్తుంది. ఎవరి నాలుగు గడులు ఎవరితో సరిపోలేదో అడగండి. రొబేర్ చేసింది ఓదార్పా, కక్ష తీర్చుకోవడమా అన్న దగ్గర మనుషులు తప్పకుండా విడిపోతారు. మా లెక్కలో రెండూను, అదే ఆ పాత్ర గొప్పతనం.

తర్వాత ఏం చూడాలి

వెళ్లేముందు రొబేర్ తమ్ముడికి తోటలో చేసిన ’47 వైన్ సీసా ఇచ్చి, వీలైతే ఒంటరిగా తాగొద్దంటాడు. ఆ సీసా మళ్లీ నాలుగో సీజన్ 15వ ఎపిసోడ్ ‘ఫస్ట్ కాంటాక్ట్’లో, 1991 ఫిబ్రవరిలో, పరాయి గ్రహపు నాయకుడి ముందు తెరుచుకుంటుంది. ఇదే పేరుతో 1996లో వచ్చిన సినిమా వేరు. వెతికేటప్పుడు సినిమానే ముందు తగులుతుంది, సీజన్ నంబరు చూసుకోండి. తర్వాత 21వ ఎపిసోడ్ ‘ద డ్రమ్‌హెడ్’. విచారణలో పికార్డ్ ముఖం మీదే 39 ఓడలు, దాదాపు 11,000 ప్రాణాలు అని లెక్క విసురుతారు. బురదలో ఏడ్చిన మనిషి ఇప్పుడు ఆ మాటకి ఎలా నిలబడ్డాడో పోల్చి చూడండి. అవతలి వైపు నుంచి చూడాలంటే మరో స్టార్ ట్రెక్ సిరీస్ ‘డీప్ స్పేస్ నైన్’ మొదటి ఎపిసోడ్ ‘ఎమిసరీ’ ఉంది. బోర్గ్‌లతో జరిగిన అదే యుద్ధంలో భార్యని పోగొట్టుకున్న ఆ సిరీస్ కథానాయకుడు సిస్కో, పికార్డ్ ఎదురుగా కూర్చుంటాడు.

1994 నాటి ‘జెనరేషన్స్’ సినిమాని మాత్రం దీని వెంటనే పెట్టకండి. రొబేర్, రెనే ఇద్దరూ అగ్నిప్రమాదంలో పోయారన్న కబురు అందులో వస్తుంది. ‘ఫ్యామిలీ’ ఆఖర్లో చెట్టుకింద చుక్కలు చూస్తున్న పిల్లాణ్ని చూపించి, వాణ్ని కలగననీ అని తండ్రి చేత అనిపించారు. ఆ మాట తడి ఆరకముందే ఆ కబురు వింటే రెండూ చెడతాయి. మధ్యలో నాలుగో సీజన్ మొత్తం, ఐదులో ‘ఐ, బోర్గ్’ అయినా నడవనివ్వండి. 2020లో మొదలైన ‘పికార్డ్’ సిరీస్ అన్నిటికన్నా చివర పెట్టుకోండి. అదే ద్రాక్షతోటలో, అన్న లేని ఇంట్లో, ముసలి పికార్డ్ కనిపిస్తాడు.