లాటిన్ పిల్లలు – 4వ పాఠం: ఒకే మాట, ఒకచోట రాక, ఒకచోట పోక

లాటిన్ పిల్లలంటే లాటిన్ నుంచి పుట్టిన భాషలు. గత పాఠంలో ‘వాన’ అనే మాటను పట్టుకున్నాం. లాటిన్ ‘ప్లూవియా’ స్పానిష్‌లో ‘యూవియా’, పోర్చుగీసులో ‘షూవా’, ఇటాలియన్‌లో ‘పియొజ్జా’ అయింది. పదం మొదట్లో ఉన్న ‘ప్ల’ ఒక్కో దేశంలో ఒక్కోలా మారింది. రొమేనియన్, ఫ్రెంచ్ మాత్రం దాన్ని అలాగే ఉంచుకున్నాయి. ఆ సూత్రం ఇవాళ మళ్లీ కావాలి, కాబట్టి ఒకసారి పైకి చదవండి.

ఇప్పుడు ఈ రెండు వాక్యాలు చూడండి.

స్పానిష్: ఎల్ ట్రెన్ యేగా ఆ లాస్ ఓచో.
రొమేనియన్: ట్రేనుల్ ప్లయాక లా ఒప్ట్.

మొదటిదానికి అర్థం ‘రైలు ఎనిమిదింటికి వస్తుంది’. రెండోదానికి ‘రైలు ఎనిమిదింటికి బయల్దేరుతుంది’. రెండు క్రియలూ ఒకే తల్లి బిడ్డలు! స్పానిష్ ‘యేగార్’లోని ‘య’ను వెనక్కి ‘ప్ల’గా మార్చి చూడండి, లాటిన్ ‘ప్లికారె’ బయటపడుతుంది. దాని అర్థం రావడమూ కాదు, పోవడమూ కాదు. మడవడం. ఫ్రెంచ్ ‘ప్లియే’, ఇటాలియన్ ‘పియెగారె’ ఇప్పటికీ ఆ అర్థంలోనే ఉన్నాయి.

మరి మడత ప్రయాణమెలా అయింది? ఒడ్డు చేరిన ఓడలో తెరచాప మడుస్తారు కాబట్టి స్పెయిన్‌లో అది రాక అయిందని, మజిలీ వదిలే సైనికులు గుడారం మడుస్తారు కాబట్టి రొమేనియాలో పోక అయిందని చెబుతారు. క్రీ.శ. 106లో రోమన్ చక్రవర్తి ట్రాజన్ డేసియాను, అంటే ఇప్పటి రొమేనియా ఉన్న నేలను, గెలిచింది సైన్యంతోనే కదా. మనం కూడా ఒకడు మకాం ఎత్తేస్తే ‘మూటాముల్లె సర్దుకున్నాడు’ అంటాం.

నాకు మాత్రం ఓడ సంగతిలో తెరచాప కంటే గట్టి ఆధారం ఇంకోటి కనిపిస్తుంది. ఇదే ‘ప్లికారె’కు ముందు ‘అద్’ (వైపు) చేర్చిన ‘అప్లికారె’ను లాటిన్ రచయితలే ఓడను ఒడ్డుకు చేర్చడానికి వాడారు. ఫ్రెంచ్ ‘అరివే’ (రావడం) కూడా ‘రీపా’, అంటే ఒడ్డు, అనే మాట నుంచే వచ్చింది. చేరడమంటే వాళ్లకు ముందు ఒడ్డు చేరడమే. రొమేనియన్‌లో తల వంచడానికీ ‘ప్లెకా’ (పై వాక్యంలోని ‘ప్లయాక’ దీని రూపమే) అనే అంటారు. పాత వంపు అక్కడ ఇంకా పోలేదు.

అభ్యాసం: స్పానిష్ ‘సాలీర్’ బయటికి వెళ్లడం, ఇటాలియన్ ‘సలీరె’ పైకెక్కడం, రొమేనియన్ ‘సరి’ దూకడం. మూడింటికీ తల్లి ఒకటే. లాటిన్ అర్థాన్ని నిలుపుకున్నది ఏది? ‘ల’ ఎందుకు ‘ర’ అయిందో తెలియాలంటే లాటిన్ ‘సోల్’ (సూర్యుడు) పక్కన రొమేనియన్ ‘స్వారె’ రాసి చూడండి. జవాబు 5వ పాఠంలో.