గింజలకు నూనె పట్టించడం, 3వ పాఠం: నూనె రాసినా పురుగెందుకు వచ్చింది?

పోయిన పాఠం చదివి అలసందలకు, అనపగింజలకు నూనె పట్టించినవాళ్లు పాకాల నుంచి, చంద్రగిరి నుంచి ఒకటే అడిగారు: "నెల తిరిగేసరికి డబ్బా నిండా పురుగులే, నూనె కల్తీదా?" అందుకని ఆముదం, కానుగ నూనెల పాఠం వచ్చేసారికి వాయిదా.

నూనె తప్పేం లేదు. ఆ పురుగు మీ డబ్బాలో పుట్టింది కాదు, చేలో నుంచే వచ్చింది. కాయ ఎండేటప్పుడే తల్లిపురుగు దాని మీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు కాయను తొలిచి గింజలోకి దూరుతుంది. నూనె పనిచేసేది గింజ పైనే. అక్కడున్న గుడ్డుకు గాలాడనివ్వదు, కొత్త గుడ్లు అంటుకోనివ్వదు. లోపల కూర్చుని తినేదాన్ని అది ఏమీ చేయలేదు. వేడి రోజుల్లో నాలుగు వారాలకల్లా గుండ్రటి కన్నం చేసుకుని బయటికొస్తుంది. కన్నం లేదు కాబట్టి గింజ మంచిదే అనుకోవడమే నాకు ఒళ్లు మండే పొరపాటు. వెలుతురులో పెట్టి చూడండి. గింజ మీద గట్టిగా అతుక్కున్న చిన్న చుక్క కనిపిస్తే అది గుడ్డు. చుక్క పాలతెలుపులో ఉంటే పిల్లపురుగు అప్పటికే లోపలికి పోయింది, మిగిలింది అది తొలిచిన పొట్టుతో నిండిన గుడ్డు పెంకు. అలాంటి గింజకు ఎంత నూనె పోసినా దండగ.

కాబట్టి ముందు ఎండ. నల్ల టార్పాలిన్ మీద గింజలు పల్చగా పరిచి, పైన అవతలివి కనిపించే పాలిథిన్ కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టండి. మంచి ఎండ కాసే రోజు మధ్యాహ్నమంతా ఉంచితే లోపలి పురుగు కూడా చస్తుంది. గింజ పూర్తిగా చల్లారాకే నూనె. వెచ్చగా డబ్బాలో పోస్తే చెమ్మ పట్టి బూజొస్తుంది.

కొలత కిలోకు ఒక టీస్పూను, అంటే 5 మి.లీ. అంతా ఒకేసారి పోయకండి. నేనైతే రెండు గుప్పెళ్ల గింజలకు నూనె బాగా రుద్ది, వాటిని మిగతావాటిలో కలిపేస్తాను, చాటలో నాలుగుసార్లు తిప్పితే సరి. వండుకునేవాటికి గానుగ చెనిక్కాయ నూనె, విత్తనానికైతేనే వేప నూనె. వేప నూనె చేదు కడిగినా పోదు.

అభ్యాసం: మూడు గాజు సీసాలు. ఒకదాంట్లో ఊరికే అలసందలు, ఒకదాంట్లో నూనె మాత్రమే పట్టించినవి, మూడోదాంట్లో ఎండబెట్టి నూనె పట్టించినవి. మూతికి గుడ్డ కట్టి, ప్రతి ఆదివారం కన్నాలు పడిన గింజల్ని లెక్కపెట్టి రాసుకోండి, రెండు నెలలు. ఆ లెక్కలు లేకుండా మళ్లీ నూనె కల్తీదా అని అడిగితే జవాబు చెప్పలేను.