కట్టెలు చీల్చే మిషన్: చలికి ముందే తెలుసుకోవాల్సినవి

మిషిగన్‌లో ఇల్లు కొన్న మనవాళ్ళలో కొందరికి, పెరట్లో ఎండిపోయిన యాష్ చెట్టు కూడా ఇంటితో పాటే వస్తుంది. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడ్డ ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు ఇక్కడ కోట్ల చెట్లను చంపేసింది. చెట్టు కోయించాక మొద్దులు మిగులుతాయి. ఇంట్లో వుడ్ స్టవ్ ఎలాగూ ఉంది. అప్పుడు మనసు హైడ్రాలిక్ లాగ్ స్ప్లిటర్ మీదికి, అంటే నూనె ఒత్తిడితో మొద్దులు చీల్చే మిషన్ మీదికి పోతుంది.

ఒక్క చెట్టు కోసమైతే కొనడం దండగ. హోమ్ డిపో లాంటి చోట్ల అద్దెకిస్తారు, పక్కింటివాళ్ళతో కలిసి తెచ్చుకుంటే ఇంకా నయం. కారు వెనక తగిలించుకుని మాత్రం హైవే ఎక్కకండి. చాలా మోడళ్ళు గంటకు 45 మైళ్ళు దాటకూడదు.

ఏటా కట్టెలు కాల్చేవాళ్ళు కొనొచ్చు. కానీ డబ్బా మీద బలం ఇంత అని రాసిన టన్నులను చూసి కాదు, మొద్దును చీల్చే బలాన్నిచ్చే సిలిండర్‌ను చూసి. లోపలి వ్యాసం 4 అంగుళాలు, నూనె ఒత్తిడి 3,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అయితే వచ్చే బలం 19 టన్నుల లోపే, స్టిక్కర్ ఏం చెప్పినా సరే. 5 అంగుళాలైతే 29 దాటుతుంది. యాష్ ఇట్టే చీలుతుంది కాబట్టి మరీ లావు కాని మొద్దులకు 5 నుంచి 7 టన్నుల కరెంటు మిషన్ సరిపోతుంది. ఎల్మ్ చెట్టు కట్టె అలా కాదు, పీచులు పట్టుకుని వేలాడుతుంది. దానికి పెద్ద మిషనే కావాలి. నిలువుగా కూడా నిలబెట్టగలిగే మోడల్ అయితే బరువైన మొద్దును ఎత్తక్కర్లేదు, నడుము నిలుస్తుంది.

ఇక అసలు ప్రమాదం. ఈ మిషన్ మెల్లగా కదులుతుంది. రంపాన్ని చూస్తే భయం వేస్తుంది, దీన్ని చూస్తే వేయదు. అందుకే మొద్దు కాస్త వంకరగా కూర్చుందని చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్తుంది. లివర్ వదలకుండా ఏదీ సర్దకండి. ఒకరు మొద్దు పెట్టడం, ఇంకొకరు లివర్ నొక్కడం అస్సలు వద్దు. వేళ్ళు పోయేది ఎక్కువగా అక్కడే. మొద్దు పెట్టిన మనిషే లివర్ పట్టుకోవాలి, మిగతావాళ్ళు, ముఖ్యంగా పిల్లలు, దూరంగా ఉండాలి. రెండు చేతులూ వాడితేనే నడిచే మోడల్‌లో ఒక స్విచ్‌ను టేపుతో కట్టేసే తెలివి వద్దు.

మొద్దు చివరలు సమంగా కోసి ఉండాలి. ఏటవాలుగా ఉంటే జారి ఎగిరి మీద పడుతుంది. కళ్ళద్దాలు, గట్టి బూట్లు తప్పనిసరి. చున్నీ, వదులు చేతుల స్వెటర్ పనికిరావు. పెట్రోల్ మిషన్‌ను చలి వేస్తోందని గరాజ్‌లో పెట్టి నడపకండి. తలుపు తెరిచి ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

గొట్టం ఎక్కడో కారుతోందని అనుమానం వస్తే చేత్తో తడమకండి, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. సూది బెజ్జమంత రంధ్రం నుంచి వచ్చే నూనె చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న గాటులాగే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో ఉండకపోవచ్చు. అయినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళి, హైడ్రాలిక్ నూనె ఎక్కిందని స్పష్టంగా చెప్పండి. ఆలస్యమైతే వేలు, ఒక్కోసారి చెయ్యే తీసేయాల్సి వస్తుంది.

ఇప్పుడు చీల్చిన పచ్చి కట్టె ఈ చలికాలానికి ఎండదు. తేమ కొలిచే మీటర్‌తో, అప్పుడే చీల్చిన ముఖం మీద చూడండి. 20 శాతం దాటితే పొయ్యిలో పెట్టకండి, చిమ్నీలో క్రియోసోట్ (పొగ నుంచి వచ్చే, మండే జిగట మసి) పేరుకుని నిప్పంటుకోవచ్చు. మిగిలిన కట్టెలను క్యాంపింగ్‌కు కూడా తీసుకెళ్ళకండి, ఆ పురుగు కొత్త ఊళ్ళకు పాకింది ఇలాగే.